ఉక్కలో పరుగు: మన చేతిలో ఉన్నది వేగం ఒక్కటే

(విశాఖపట్నంలో, జూలై మొదటి వారంలో, పరుగు సాధన చేసేవాళ్ళ ముందు ఇచ్చిన ప్రసంగం. మధ్యలో వచ్చిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకి రండి, ఫ్యాన్ల కింద కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఇవాళ వచ్చినవాళ్ళలో మూడు రకాలవాళ్ళు ఉన్నారని చెప్పారు. చలికాలంలో జరిగే నేవీ మారథాన్ కోసం ఇప్పటినుంచే కిలోమీటర్లు పెంచుకుంటున్నవాళ్ళు, పోలీసు సెలక్షన్ల కోసం 1600 మీటర్లు ప్రాక్టీసు చేస్తున్న కుర్రాళ్ళూ అమ్మాయిలూ, ఇంకా ఈ ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేయబోతున్న పెద్దవాళ్ళు. మీ అందరికీ చెప్పాల్సింది ఒకటే, అది మొదటే చెప్పేస్తాను. ఉక్కపోతలో మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోగలిగింది మీ వేగం ఒక్కటే. ఎండ మీ మాట వినదు, గాలిలో తేమ వినదు, ఒంటి మీద చెమట ఆరడం కూడా మీ చేతిలో లేదు. నీళ్ళ సీసా చేతిలో ఉంటుంది, నిజమే, కానీ అది మీరనుకున్నంత కాపాడదు. ఎందుకో లెక్కతో చెబుతాను, చిన్న లెక్కే.

మనిషి ఒక కిలోమీటరు పరిగెత్తితే ఒక కిలో బరువుకి సుమారు ఒక కిలో కేలరీ ఖర్చవుతుంది. 60 కిలోల మనిషి 10 కిలోమీటర్లు పరిగెత్తాడంటే 600 కిలో కేలరీలు. అందులో ముందుకి కదలడానికి ఉపయోగపడేది పావు వంతు, అంతకంటే తక్కువే. మిగతా ముప్పావు వంతు, అంటే దగ్గర దగ్గర 450, వేడిగా మారి ఒంట్లోనే పుడుతుంది. 60 కిలోల శరీరం ఒక డిగ్రీ వేడెక్కడానికి 50 కిలో కేలరీలు చాలు. అంటే ఆ వేడి బయటికి పోయే దారి పూర్తిగా మూసేస్తే, గంటలో 10 కిలోమీటర్లు పరిగెత్తే మనిషికి ఏడు నిమిషాలకో డిగ్రీ చొప్పున ఒళ్ళు కాలుతుందన్నమాట. మామూలుగా 37 దగ్గర ఉండే లోపలి వేడి పరుగులో 38, 39 దాకా వెళ్ళడం సహజమే, ఆరోగ్యవంతులు తట్టుకుంటారు. 40 దాటి, మనిషి మాట తేడా వచ్చిందంటే అది ప్రాణం మీదకి వచ్చినట్టు.

మరి ఆ 450 ఎక్కడికి పోతుంది? ఎక్కువ భాగం చెమట ద్వారానే పోవాలి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడిని పట్టుకుపోతుంది. ముప్పావు లీటరుకి కాస్త ఎక్కువ ఆవిరైతే మన లెక్క సరిపోతుంది. ఇక్కడ అసలు మాట 'ఆవిరైతే' అన్నదే. కారి నేల మీద పడ్డ చెమట, బనియన్ పిండితే వచ్చే చెమట, బూట్లలో చేరి చప్పుడు చేసే చెమట, ఇవేవీ ఒక్క కేలరీ కూడా తీసుకుపోవు. వానాకాలంలో దండెం మీద వేసిన బట్టలు రెండు రోజులైనా ఆరవు చూడండి, మన సముద్రం గాలిలో ఒంటి మీద చెమట సంగతీ అంతే. చెమట ధారగా కారుతోంది కదా, బాగా కష్టపడ్డాను, ఒంట్లో చెత్తంతా పోయింది అనుకుంటారు చాలామంది. ధారగా కారుతోందంటే ఆ కారే చెమట ఒంటిని చల్లబరచడం లేదని అర్థం.

ఇప్పుడు రెంటచింతలకి వెళ్దాం. మే నెల మధ్యాహ్నం, 42 డిగ్రీలు, గాలిలో తేమ 15 శాతం. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయని మన పెద్దలు అన్నది అలాంటి ఎండ గురించే. థర్మామీటరు బల్బుకి తడి గుడ్డ చుట్టి గాలి ఆడేలా పెడితే, నీరు ఆవిరవుతూ ఎంతవరకు చల్లబడగలదో అది చూపిస్తుంది. దాన్ని తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. రెంటచింతలలో ఆ మధ్యాహ్నం అది 22 దగ్గర ఉంటుంది. మన బీచ్ రోడ్డు మీద తెల్లారకముందు 28 డిగ్రీలు, తేమ 90 శాతం అనుకోండి, ఈ నెలల్లో వింతేం కాదు. తడి బల్బు 26న్నర. పెద్దగా వేడి లేదు కదా అని మీరు పరుగు మొదలుపెట్టే చీకటి వేళ, చెమట ఆరే విషయంలో రెంటచింతల మిట్టమధ్యాహ్నం కన్నా అధ్వానం! ఈ మాట పట్టుకుని ఎవరూ రెంటచింతలలో మధ్యాహ్నం పరుగుకి దిగొద్దు. అక్కడ నెత్తి మీద సూర్యుడుంటాడు, ఆ ఎండ వేడి వేరే లెక్క.

రెండూ కలిపి చూడటానికే ఒక కొలత ఉంది. డబ్ల్యూ.బి.జి.టి. అంటారు. 1950లలో అమెరికా సైన్యం కోసం తయారు చేశారు, శిక్షణలో కుర్రాళ్ళు వడదెబ్బకి పడిపోతుంటే ఆపడానికి. తడి బల్బుకి పదిలో ఏడు వంతులు, ఎండ వేడిని కొలిచే నల్లటి గోళానికి రెండు వంతులు, మనం రోజూ చూసే మామూలు ఉష్ణోగ్రతకి ఒక్క వంతు. మీ ఫోనులో పెద్ద అక్షరాలతో కనిపించే నంబరుకి ఇందులో ఉన్న విలువ పదో వంతే, గమనించండి. ఈ కొలత 28 దాటితే దూరపు పరుగు పందేలు పెట్టకపోవడమే మంచిదని అమెరికా క్రీడా వైద్యులు చాలా కాలం కిందటే చెప్పారు. మనం చెప్పుకున్న తెల్లవారుజాము బీచ్ రోడ్డుకి లెక్కేస్తే 27 వస్తుంది. సూర్యుడు రాకముందే 27. ఇక ఏడు గంటలకి ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

అందుకే వేగం అంటున్నాను. అదే 60 కిలోల మనిషి అదే 10 కిలోమీటర్లు గంటలో కాకుండా గంటంబావులో పరిగెత్తాడనుకోండి. మొత్తం ఖర్చు మారదు, కానీ గంటకి పుట్టే వేడి 450 నుంచి 360కి పడిపోతుంది. అయిదో వంతు తగ్గింది. ఏ కూల్ డ్రింకూ, ఏ ఖరీదైన టీషర్టూ ఇంత మేలు చెయ్యదు. గుండెకి కూడా అదే ఊరట. ఉక్కలో గుండె రెండు పనులు చెయ్యాలి, కండరాలకి రక్తం పంపాలి, వేడి వదలడానికి చర్మానికీ పంపాలి. చెమట పోయేకొద్దీ ఆ రక్తం కూడా తగ్గుతూ వస్తుంది. అందుకే జనవరిలో 145 కొట్టుకున్న గుండె అదే వేగానికి ఇప్పుడు 165 కొట్టుకుంటే కంగారు పడకండి, మీ ఫిట్‌నెస్ ఎక్కడికీ పోలేదు. వేగం తగ్గించండి, అంతే. వాచీలో కిలోమీటరుకి ఎన్ని నిమిషాలో చూపించే గడిని ఈ మూడు నెలలు దాచెయ్యండి. పక్కవాళ్ళతో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా లేదా, అది చూసుకోండి. కిలోమీటరుకి అర నిమిషం నుంచి నిమిషం వరకు నెమ్మదించాల్సి వస్తే నెమ్మదించండి. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక చేసినా పరుగు పరుగే.

నెమ్మదిగా పరిగెత్తడం నామోషీ అనుకునేవాళ్ళకి ఒక సంగతి చెబుతాను. 2019 సెప్టెంబరులో దోహాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. మహిళల మారథాన్‌ని పగలు పెట్టలేక అర్ధరాత్రికి ఒక్క నిమిషం ముందు మొదలుపెట్టారు. అప్పటికీ 32 డిగ్రీలు దాటి ఉంది, తేమ 70 శాతం పైనే. 68 మంది బయలుదేరితే 40 మందే పూర్తి చేశారు. వీళ్ళంతా తమ తమ దేశాల్లో మొదటి వరస రన్నర్లు. గెలిచిన కెన్యా అమ్మాయి రూత్ చెప్‌న్గెటిచ్ అదే ఏడాది జనవరిలో దుబాయ్‌లో 2 గంటల 17 నిమిషాల్లో మారథాన్ పరిగెత్తింది. దోహాలో ఆమెకి పట్టింది 2 గంటల 32 నిమిషాలు. పదిహేను నిమిషాలు నెమ్మదించింది కాబట్టే గెలిచింది. తర్వాత టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌ని ఎండకి భయపడి ఉత్తరాన సప్పొరోకి తీసుకెళ్ళారు. అక్కడా ఉక్క వదల్లేదు. మహిళల పరుగుని ముందు రోజు రాత్రి అప్పటికప్పుడు ఒక గంట ముందుకి జరిపారు. మగవాళ్ళలో 106 మంది మొదలుపెడితే 30 మంది మధ్యలో ఆగిపోయారు. అప్పటికి 2 గంటల 1 నిమిషం ప్రపంచ రికార్డు ఉన్న కెన్యా రన్నరు కిప్చోగె 2 గంటల 8 నిమిషాల్లో వచ్చి బంగారు పతకం తీసుకున్నాడు. అంతటివాళ్ళే గాలిని చూసి వేగం మార్చుకున్నారు. మనం బీచ్ రోడ్డు మీద జనవరి టైమింగ్ కోసం పళ్ళు బిగించి పరిగెత్తడం ఎందుకండీ?

ఇంకో మంచి వార్త ఉంది. శరీరం నేర్చుకుంటుంది. రోజూ కొంతసేపు, గంటా గంటన్నర మించకుండా, ఈ ఉక్కలోనే తేలికగా పరిగెత్తితే పది నుంచి పద్నాలుగు రోజుల్లో స్పష్టమైన తేడా వస్తుంది. మొదటి నాలుగైదు రోజుల్లోనే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, గుండె వేగం కొంచెం దిగుతుంది. తర్వాత చెమట ముందుగా పట్టడం మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. కాకపోతే ఇది దాచుకుంటే నిలిచేది కాదు, రెండు మూడు వారాలు మానేస్తే దాదాపు పోతుంది. పగలంతా ఏసీ ఆఫీసులో, రాత్రంతా ఏసీ గదిలో ఉండి ఆదివారం ఒక్కరోజు 21 కిలోమీటర్లకి దిగేవాళ్ళ గురించే నాకు ఎక్కువ బెంగ. బెంగళూరు నుంచో అమెరికా నుంచో సెలవులకి వచ్చి, వచ్చిన రెండో రోజే అక్కడి వేగంతో కైలాసగిరి ఎక్కే పిల్లలు కూడా. మీ ఇళ్ళకి అలాంటివాళ్ళు వస్తే మొదటి వారం నడవమనండి. అలాగే ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్‌కి వెళ్ళేవాళ్ళున్నారా? చేతులెత్తండి. మీకు ఇక్కడి సాధన బాగా పనికొస్తుంది, అక్కడా ఆ నెలలో తేమ ఎక్కువే, పైగా ఫ్లై ఓవర్లు.

ఏ వేళ పరిగెత్తాలని అందరూ అడుగుతారు. తెల్లవారుజామునే, అందులో సందేహం లేదు. తేమ శాతం అప్పుడే ఎక్కువ చూపిస్తుంది, అది చూసి కొందరు సాయంత్రమే మేలనుకుంటారు. సాయంత్రం రోడ్డు, గోడలు, రాళ్ళు పగలంతా తాగిన ఎండని తిరిగి మన మీదకి వదులుతుంటాయి, బండ్ల పొగ ఒకటి. మన ఊళ్ళో ఈ రోజుల్లో సూర్యుడు అయిదున్నర లోపే వచ్చేస్తాడు, సముద్రం పక్కన అడ్డు కూడా ఉండదు. నాలుగున్నరకి మొదలుపెడితే అసలైన గంట మీకు దొరుకుతుంది. ఆడవాళ్ళు ఆ వేళకి ఒంటరిగా రావడం ఇబ్బంది, అది నిజం, వాళ్ళని తప్పు పట్టకుండా మనమే గుంపులుగా రావడం నేర్చుకోవాలి, వెలుగు పడితే మెరిసే పట్టీలు వేసుకోవాలి. ఇంకో చిట్కా. వెళ్ళేటప్పుడు గాలి వీపున ఉంటే తిరిగొచ్చేటప్పుడు ఎదురు గాలి ముఖాన తగులుతుంది, అలా దారి పెట్టుకోండి. గాలి మీతోపాటే వస్తుంటే ఒంటి మీద చెమట కదలదు, వేడి పెరిగేది అలసిపోయిన రెండో సగంలో కాబట్టి ఎదురు గాలి అప్పుడే కావాలి. పొడవాటి దారి ఒకటి కాకుండా, రెండు మూడు కిలోమీటర్ల చుట్లు పెట్టుకుంటే నీళ్ళు దగ్గరే ఉంటాయి, పడిపోతే చూసేవాళ్ళూ ఉంటారు.

ఇక నీళ్ళు. దాహం వేసినప్పుడు తాగండి, దాహం తీరేదాకా తాగండి. గంటలోపు తేలిక పరుగుకి ముందూ వెనకా తాగినా సరిపోతుంది. ఎంత చెమట పోతోందో తెలుసుకోవాలంటే పరుగుకి ముందు, తర్వాత ఒళ్ళు తుడుచుకుని బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు చెమట, మధ్యలో తాగింది దానికి కలపండి. గంటకి లీటరున్నర పోయేవాళ్ళు ఈ గదిలో తప్పకుండా ఉంటారు. అంతా వెంటనే తిరిగి పొయ్యాలని లేదు. బరువు పెరిగి ఇంటికొస్తే మాత్రం తప్పు చేశారని అర్థం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువగా కనిపించింది. పరుగులో నీళ్ళు మితిమీరి తాగి బరువు పెరిగినవాళ్ళలోనే అది ఎక్కువ. మెదడు వాచి ప్రాణం పోయే ప్రమాదం అది. కాబట్టి స్టాలు కనిపించిన ప్రతిచోటా గ్లాసు మీద గ్లాసు తాగకండి, ముఖ్యంగా నెమ్మదిగా నాలుగైదు గంటలు నడిచేవాళ్ళు. ఒంటి నిండా నీళ్ళున్నా వడదెబ్బ తగులుతుందని కూడా గుర్తుపెట్టుకోండి. పుట్టే వేడి వేగం వల్ల పుడుతుంది, నీళ్ళు తాగినందువల్ల అది ఆగదు.

(కొబ్బరి బోండం మంచిదా, ఓఆర్‌ఎస్ మంచిదా అని ఒకరు అడిగారు.)

రెండూ మంచివే, పనులు వేరు. చెమటలో ఎక్కువగా పోయేది సోడియం, అంటే ఉప్పు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. పరుగయ్యాక తాగండి, హాయిగా ఉంటుంది, దాంతోపాటు ఉప్పు తగిలే టిఫిను తినండి. గంటన్నర దాటిన పరుగుకి ఓఆర్‌ఎస్ పనికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీళ్ళలో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9. పెద్ద ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్ళలోనే కలపాలి, చిన్న సీసాలో అటూ ఇటూగా పోసి కలపకూడదు. మందుల షాపులో డబ్బాల్లో అమ్మిన తియ్యటి పానీయాలు చాలా కాలం ఇదే పేరు పెట్టుకుని తిరిగాయి. వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి ఒంటరిగా పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. ఆవిడకి మనమంతా రుణపడి ఉన్నాం. పొడి ప్యాకెట్టే కొనండి, వెనక సూత్రం చదివి కొనండి.

ఇంట్లో చేసుకునేది అడిగితే, పలచటి మజ్జిగ. లీటరుకి అర టీస్పూను ఉప్పు, నిమ్మకాయ, కావాలంటే అల్లం, కరివేపాకు. పరుగు మధ్యలో కొందరికి కడుపులో తిప్పుతుంది, వాళ్ళు తర్వాత తాగాలి. తరవాణి అలవాటున్న ఇళ్ళు ఉత్తరాంధ్రలో ఇప్పటికీ ఉన్నాయి. ఉప్పు వేసుకుని, ఉల్లిపాయ నంజుకుని తిన్న చద్దన్నం పరుగు తర్వాత చాలా చక్కగా పనిచేస్తుంది. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్ళు ఉప్పు విషయంలో నా మాట కాదు, మీ డాక్టరు మాట వినాలి.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. పలచగా, వదులుగా, లేత రంగు. మందపాటి కాటన్ టీషర్టు తడిసి కిలో బరువు వేలాడుతుంది, ఒరిపిడికి చర్మం చెక్కుకుపోతుంది. తొడలు, చంకలు, మగవాళ్ళకి ఛాతీ, ఆడవాళ్ళకి లోదుస్తుల పట్టీ కింద, ఇక్కడ వాజలీను గానీ కొబ్బరి నూనె గానీ రాసుకోండి. సాక్సులు మందంగా ఉండకూడదు, పరుగవ్వగానే బూట్లు విప్పి లోపల పాత పేపరు కుక్కి గాలికి పెట్టండి. టోపీ ఎండ వచ్చాకే, అదీ గాలి ఆడేది. తల మీద, మెడ మీద నీళ్ళు పోసుకుంటే హాయిగా అనిపిస్తుంది, పోసుకోండి, కానీ ఆ హాయిని నమ్మి వేగం పెంచకండి. లోపలి వేడి అంతగా తగ్గదు.

(సెలక్షన్లకి బరువు తగ్గడానికి ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరిగెత్తొచ్చా అని ఒక కుర్రాడు అడిగాడు.)

వద్దు నాన్నా, దయచేసి వద్దు. నీతోపాటు చేసేవాళ్ళకీ చెప్పు. ఆ జాకెట్ వేసుకుంటే ఉన్న ఒక్క దారీ మూసేసినట్టే, ఒక్క చుక్క చెమట ఆవిరి కాదు. ఏడు నిమిషాలకో డిగ్రీ అన్నాను చూడు, దానికి దగ్గరగా తీసుకెళ్ళేది అదే. తగ్గిన బరువంతా నీళ్ళు, సాయంత్రానికి తిరిగొస్తుంది, కొవ్వు కరగదు. దూరం తక్కువే కదా, 1600 మీటర్లే కదా అనుకోకండి. ఒంట్లో వేడి ఎంత త్వరగా పుడుతుందనేది దూరాన్ని బట్టి కాదు, ఎంత గట్టిగా పరిగెత్తుతున్నామో దాన్ని బట్టి. వెంట వెంటనే నాలుగు సార్లు గట్టిగా కొడితే చాలు. గట్టి పరుగులు వారానికి రెండు రోజులు పెట్టుకోండి, మధ్యలో నీడలో పూర్తిగా తేరుకోండి, మిగతా రోజులు తేలిక పరుగు. జ్వరం, విరేచనాలు ఉన్నా, రాత్రి నిద్ర లేకపోయినా, మందు తాగినా ఆ రోజు మానెయ్యండి. కోచ్ తిడతాడనో, నలుగురిలో పరువు పోతుందనో పరిగెత్తకండి. ఉక్కలో పరిగెత్తి ప్రాణాలు పోగొట్టుకునేవాళ్ళలో మీ వయసు ఆరోగ్యవంతులు ఎక్కువ, ఎందుకంటే మీకు ఆగడం రాదు.

మందుల గురించి రెండు మాటలు. పరుగుకి ముందు నొప్పుల బిళ్ళలు, ఇబుప్రోఫెన్ లాంటివి, వేసుకోకండి, నీరు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీల మీద పడతాయి. జలుబు, అలర్జీ మాత్రలు కొన్ని చెమటని తగ్గిస్తాయి. బీపీకి మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు, గుండె వేగం తగ్గించే మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళు గిరి ప్రదక్షిణకి ముందు డాక్టరుని అడగండి, సొంతంగా మానెయ్యకండి. పరుగు తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే ఇంట్లో కూర్చోకండి, కండరాలు దెబ్బతిన్న గుర్తు అది, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన భాగం. ఫోన్లు పక్కన పెట్టండి.

పరుగు ముగించిన వెంటనే కళ్ళు తిరిగి కూలబడేవాళ్ళు చాలామంది ఉంటారు. కాళ్ళలో రక్తం నిలిచిపోవడం వల్ల అలా అవుతుంది. పేరు అడిగితే చెబుతారు, మాట సరిగ్గా ఉంటుంది. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తితే పది నిమిషాల్లో లేచి కూర్చుంటారు. వడదెబ్బ వేరు. అందులో మనసు తేడా చేస్తుంది. తూలుతూ పరిగెత్తడం, దారి తప్పడం, ఊరికే కోప్పడటం, పొంతన లేకుండా మాట్లాడటం, ఆ ఎండలోనే రోమాలు నిక్కబొడుచుకుని చలేస్తోందనడం. పేరేంటి, ఇవాళ ఏ వారం, ఎక్కడున్నాం అని అడగండి. తడబడితే ఇక ఆలోచించొద్దు. చెమట ఆగిపోయి ఒళ్ళు పొడిగా ఉంటేనే వడదెబ్బ అని చాలామంది నమ్మకం. పరిగెత్తేవాళ్ళకి వచ్చే వడదెబ్బలో ఒళ్ళు మామూలుగా చెమటతో తడిసే ఉంటుంది. నుదుటి మీద పెట్టే థర్మామీటరు గన్‌ని కూడా నమ్మకండి, చెమట పట్టిన చర్మం మీద అది తక్కువ చూపిస్తుంది.

అమెరికాలో మసాచుసెట్స్ తీరాన ఫాల్మత్ అనే ఊళ్ళో ప్రతి ఆగస్టులో 7 మైళ్ళ పరుగు జరుగుతుంది, మన లెక్కలో 11 కిలోమీటర్ల పైచిలుకు. సముద్రం పక్కన, ఉక్కలో, అచ్చం మనలాగే. 1978లో అల్బర్టో సలజార్ అనే ఇరవై ఏళ్ళ రన్నరు అక్కడ పడిపోయాడు, ఒళ్ళు 42 డిగ్రీలు. చివరి ప్రార్థనలు కూడా చదివేశారు. ఐసు నీళ్ళలో ముంచి బతికించారు. తర్వాత ఆ పందెంలో గమ్యం దగ్గరే ఐసు నీళ్ళ తొట్లు సిద్ధంగా పెట్టారు. 18 ఏళ్ళ పందేల రికార్డులు తీసి చూస్తే 274 మందికి వడదెబ్బ తగిలింది, ఒక్కరు కూడా చనిపోలేదు. ఒక్కరు కూడా! పెద్ద మందులేం లేవు అందులో. తొట్టి, నీళ్ళు, ఐసు, ఆలస్యం చెయ్యని మనుషులు. పడిపోయిన అరగంటలోపు ఒళ్ళు చల్లబడితే దాదాపు అందరూ బతుకుతారు. అందుకే ముందు చల్లబరచాలి, తర్వాతే అంబులెన్సు ఎక్కించాలి. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే మిగతావాళ్ళు పని మొదలుపెట్టాలి. అంబులెన్సు వచ్చేదాకా గుండ్రంగా నిలబడి విసురుతూ కూర్చోకూడదు, ఆ గుంపు గాలిని కూడా ఆపేస్తుంది.

తొట్టి లేకపోతే బరకం చాలు, ధాన్యం ఆరబోసే బరకమే. మనిషిని అందులో పడుకోబెట్టి నలుగురైదుగురు అంచులు పైకి ఎత్తి పట్టుకుంటే గుంటలా అవుతుంది, అందులో నీళ్ళూ ఐసూ పోసి అటూ ఇటూ కదపాలి, తల బయట ఉండేలా ఒకరు పట్టుకోవాలి. మనది ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊరు, ఐసుకి కొదవ లేదు, తెల్లవారుజామున ఎన్ని పెట్టెలు కావాలన్నా దొరుకుతుంది. పందెం పెట్టేవాళ్ళు మెడల్స్‌కి, టీషర్టులకి పెట్టే ఖర్చులో కొంచెం దీనికి తియ్యాలని గట్టిగా అడగండి, ఐసు తొట్టి ఎక్కడ పెట్టారో రిజిస్ట్రేషన్ అప్పుడే అడగండి. ఐసు కూడా లేదా, కుళాయి నీళ్ళు ధారగా పోస్తూ, తడి తువ్వాళ్ళు మారుస్తూ, గట్టిగా విసరండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ ఈ వేడికి పనిచెయ్యదు, ఉల్లిపాయ రసం రాస్తూ ఆ విలువైన నిమిషాలు పోగొట్టకండి.

(గిరి ప్రదక్షిణలో పరుగు ఉండదు కదా, అయినా ఇవన్నీ వర్తిస్తాయా అని ఒక పెద్దావిడ అడిగారు.)

నడకలో పుట్టే వేడి తక్కువ అమ్మా, అందుకే లక్షల మంది 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచి వస్తున్నారు. కానీ గంటల తరబడి నడక, వయసు, ఉపవాసం, బీపీ మాత్రలు, ఇవన్నీ కలుస్తాయి. నడక మొదలయ్యే తొలి పావంచా దగ్గర జనంలో ఇరుక్కుని నిలబడటమే మొదటి కష్టం, అక్కడ గాలి ఆడదు. వీలైతే ఎండ దిగాక బయలుదేరండి. దారి పొడవునా మనవాళ్ళు మజ్జిగ, పులిహోర, నీళ్ళు ఇస్తారు, ఎవరూ అడగకుండానే ఇంత చేసే ఊరు మనది. మజ్జిగ తీసుకోండి, దాంతో కాస్త పులిహోర తినండి, ప్రతి స్టాలు దగ్గరా నీళ్ళు తాగాలని లేదు. ఒంటరిగా నడవకండి, పక్కనున్నావిడతో మాట్లాడుతూ నడవండి. మాట తేడా వస్తే ముందు తెలిసేది ఆవిడకే.

మన గుంపు నుంచి ఎంతమంది వెళ్తున్నారో చెబితే ప్రదక్షిణ దారిలో జోడుగుళ్ళపాలెం దగ్గర ఒక బరకం, రెండు పెట్టెల ఐసు, బకెట్లు పెట్టుకుని ఆ రాత్రంతా వంతులవారీగా ఉందాం. సెలక్షన్ల కుర్రాళ్ళు నలుగురు కావాలి, చేతులు గట్టిగా ఉన్నవాళ్ళు. పేర్లు ఈ పుస్తకంలో రాయండి. రాసినవాళ్ళు బయటికి రండి, బరకం తెచ్చాను, మనిషిని ఎలా ఎత్తాలో, అంచులు ఎలా పట్టాలో ఇప్పుడే ఒకసారి చేసి చూద్దాం.